రత్నమాల పేరు మీద

"మళ్ళీ మొదటినుంచి చెప్పమ్మా," అంది గంగారత్నం. "లాగౌట్ కొట్టావా, లేదా?"

"కొట్టానండి. దేవుడి తోడు, కొట్టాను."

"దేవుణ్ణి వదిలెయ్. ఆయన సాక్ష్యానికి రాడు. ఎన్నింటికి కొట్టావు?"

"రెండింటికి. డ్యూటీ దిగే ముందు. కొట్టగానే మళ్ళీ పేరూ పాస్‌వర్డూ అడిగే పేజీ వొచ్చింది. అది చూసే కుర్చీలోంచి లేచాను."

నర్సు రత్నమాల కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తెల్లచీర మీద యూనిఫాం కోటు వేసుకునే వచ్చింది గాని, నాలుగు రోజులుగా ఆమెను ఎవరూ డ్యూటీలోకి రానివ్వడం లేదు. ఈ మధ్యాహ్నం ఆమెను పోలీసులకు అప్పగిస్తారు.

బస్తర్‌లోని ఇనుపగనుల ఊరు కిరండూల్‌లో ఒక ట్రస్టు నడిపే చిన్న ఆరోగ్య కేంద్రం అది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆంబులెన్స్ కోసం ఫోను వస్తే, కౌంటర్లో ఉన్నవాళ్ళు కంప్యూటర్లో ఒక యాప్ పేజీ తెరిచి ఆ కాల్ ఎక్కిస్తారు. వెంటనే డ్రైవర్ ఫోనుకు కబురు పోతుంది. అదే పేజీలో 'రద్దు' అని ఇంకో బటన్ ఉంది. అది నొక్కితే రద్దయిందన్న కబురూ పోతుంది.

పోయిన శనివారం మంగి అనే నిండు గర్భిణి కోసం బయలుదేరిన ఆంబులెన్స్ ఆమె ఊరు చేరలేదు. చూసి చూసి మొగుడూ, ఊరివాళ్ళూ మంచం మీద మోసుకొస్తుండగా దారిలోనే ఆమె ప్రాణం పోయింది. కడుపులో బిడ్డ కూడా దక్కలేదు. యాప్ తెరిచి చూస్తే, ఆ కాల్ రెండూ నలభైకి రద్దయి ఉంది. రద్దు చేసినవారి పేరు దగ్గర ఉన్నది 'రత్నమాల'.

"రెండూ నలభైకి ఎక్కడున్నావు?"

"చర్చిలోనండి. ఆదివారం పాటల ప్రాక్టీసు. ఇరవైమంది చూశారు నన్ను."

"మరి ఎందుకమ్మా ఆ ఏడుపు? నువ్వు కాదని నీకు తెలుసు కదా?"

రత్నమాల కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రద్దు నేను చెయ్యలేదండి. గాని ఆ కాల్ ఎత్తింది నేనే. 'గాడీ బయలుదేరింది, భయపడకు బాబూ' అని ఆ మొగుడితో అన్నది నేనే. దిగిపోయే ముందు గాడీ చేరిందా లేదా అని డ్రైవర్‌కి ఒక్క ఫోను కొట్టొచ్చు కదండీ? కొట్టలేదు. ప్రాక్టీసుకు ఆలస్యమవుతోందని పరిగెత్తాను. అక్కడ స్తోత్రం పాడుతున్నాను, ఇక్కడ ఆ పిల్ల... నన్ను పోలీసులు పట్టుకుపోయినా అన్యాయం అనిపించడం లేదండి నాకు."

గంగారత్నం ఆమెను కాసేపు చూసింది. రైల్వే రక్షణ దళంలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు సొంతంగా కేసులు చూస్తోంది. చెయ్యని నేరం ఒప్పుకున్నవాళ్ళను ఆ ఉద్యోగంలో చాలామందినే చూసింది.

"చెయ్యని తప్పుకు జైలుకు వెళ్తే, చేసిన తప్పు తీరదమ్మా," అంది. "లే. మొహం కడుక్కో."

తలుపు తోసుకుని ఒకతను లోపలికి వచ్చాడు. ఒక చంకలో లాప్‌టాప్, ఇంకో చేతిలో యాప్ లాగ్, అంటే ఎవరు ఎప్పుడేం నొక్కారో రాసి ఉండే చిట్టా, ప్రింటు తీసిన కాగితం. రాంచందర్, జగదల్‌పూర్ నుంచి ట్రస్టు పిలిపించిన సైబర్ నిపుణుడు. పుట్టింది తెలుగు సరిహద్దున ఉన్న కోంటా వైపు.

"ఏంది మేడం, ఇంకా అడుగుడేనా?" అన్నాడు. "లాగ్‌ల పేరున్నది. పేరుకు పాస్‌వర్డ్ ఉన్నది. అది ఆమెకు తప్ప ఎవరికీ ఎరుక లేదు. ఇగ ఇంకేం గావాలె మీకు?"

"నిజం కావాలి."

"అది నా కాగితంల ఉన్నది."

"ఏదీ, ఇటివ్వండి." గంగారత్నం కళ్ళజోడు పెట్టుకుంది. "రెండింటికి రత్నమాల లాగౌట్. అవునా?"

"అవు."

"రెండూ నలభైకి అదే రత్నమాల పేరు మీద రద్దు. ఈ మధ్యలో ఆమె మళ్ళీ లాగిన్ అయినట్టు ఎక్కడుంది? నాకు కనపడలేదు."

రాంచందర్ తడబడలేదు. ఆ ప్రశ్న వస్తుందని ముందే అనుకున్నట్టున్నాడు. "మళ్ళ లాగిన్ కానక్కర లేదు. శుక్రవారం నాడు ఆమె ఫోన్ల గూడ లాగిన్ అయ్యింది. అదీ లాగ్‌ల ఉన్నది. కంప్యూటర్ల లాగౌట్ కొట్టింది గని ఫోన్ల కొట్టలే. చర్చిల కూసొనే నొక్కింది."

రత్నమాల అదిరిపడింది. "ఫోను బ్యాగులో ఉందండీ! నేను తియ్యనే లేదు!"

"ఎందుకు నొక్కుతుంది?" అంది గంగారత్నం.

"ఎందుకన్నది పోలీసోళ్ళు అడుగుతరు. ఎవరన్నది చెప్పుడే నా పని. పన్నెండింటికి మేనేజర్ జయరావు సార్‌కు రిపోర్ట్ ఇస్తున్న. ఆయన ఠాణాకు ఫోన్ గూడ చేసిండు."

"మీ పని తొందరగా అయిపోయిందన్నమాట."

"తెలిసినోళ్ళకు తొందరగనే అయితది మేడం. రైల్వేల టికెట్ లేనోళ్ళను పట్టుడు వేరు, ఇది వేరు."

గంగారత్నం నవ్వలేదు, కోప్పడలేదు. కాగితం మడిచి అతని చేతిలో పెట్టింది. "పన్నెండింటి దాకా ఆ కౌంటర్ కంప్యూటర్ నాది. మీరూ రండి. నేను తప్పు చేస్తే సరిదిద్దుదురు గాని."

*

కౌంటర్ గదిలో కల్యాణి వాళ్ళకోసం నిలబడే ఉంది.

గంగారత్నాన్ని ఈ కేసులోకి పిలిచింది ఆ అమ్మాయే. కిరండూల్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి ఈ లైన్లోనే గూడ్సు బండ్లు నడిపాడు, గంగారత్నానికి బాగా తెలిసినవాడు. ఈ ఆంబులెన్స్ యాప్‌ను పైథాన్‌లో రాసిందీ కల్యాణే. ఇంట్లో కూర్చుని వేరే ఊరి కంపెనీకి పని చేస్తూ, తీరికవేళల్లో ఊరికే రాసిపెట్టింది. 'రత్నక్క అలాంటిది కాదు ఆంటీ, ఎలాగైనా మీరు రావాలి' అని ఫోనులో బతిమాలింది. అప్పటినుంచి సరిగా తిండి తింటున్నట్టు లేదు. బుగ్గలు లోపలికి పోయాయి.

గంగారత్నం ముందు గది చూసింది. బల్ల గోడవైపు తిరిగి ఉంది. కిటికీలోంచి గాని తలుపులోంచి గాని తెర కనపడదు. కీబోర్డు ఎత్తి చూసింది, పాస్‌వర్డు చీటీలేమీ అంటించి లేవు. సొరుగులో పెన్నులు, ఒక బైబిలు పాకెట్ పుస్తకం, దగ్గు బిళ్ళలు. బల్ల ముందు ఒకే కుర్చీ.

"కూర్చో కల్యాణీ. లాగిన్ అంటే ఏటో, నాకు బోధపడేలాగ చెప్పు."

కల్యాణి కూర్చుంది. "ముందు ఇందులో లాగినే లేదు ఆంటీ. ఎవరైనా పేజీ తెరిచి, ఏదైనా నొక్కొచ్చు. ఒకసారి ఎవరో రెండు కాల్స్ పొరపాటున తీసేశారు. ఎవరని అడిగితే ఎవరూ పలకలేదు. అప్పుడు మేనేజర్ గారు నాకు చెప్పారు, ఎవరు ఏం చేశారో తెలియాలి, పేరూ పాస్‌వర్డూ పెట్టమని. పెట్టాను." గొంతు తగ్గింది. "పేరు పడితే అందరూ జాగ్రత్తగా ఉంటారనుకున్నాను."

"సరే. పాస్‌వర్డు కొట్టింతర్వాత ఏటవుతుంది? నొక్కినప్పుడల్లా మళ్ళీ అడగదు కదా?"

"అడగదు. ఒక్కసారి సరిచూసుకుని, సర్వర్ ఈ బ్రౌజర్‌కి ఒక చీటీ ఇస్తుంది. అందులో ఫలానా మనిషి, ఫలానా వేళకు లాగిన్ అయింది అని ఉంటుంది. దాని మీద సర్వర్ ముద్ర ఉంటుంది. ఆ తర్వాత ఏం నొక్కినా బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తుంది. దాన్నే సెషన్ అంటాం."

"టీసీ పాసు చూసి సంతకం పెట్టినట్టు."

"అలాగే."

"లాగౌట్ కొడితే?"

"బ్రౌజర్ దగ్గరున్న చీటీ పోతుంది."

"బ్రౌజర్ దగ్గరున్నది పోతుంది," అని గంగారత్నం ఆ మాటనే నెమ్మదిగా తిరిగి అంది. "సర్వర్ దగ్గర? ఫలానా చీటీ చెల్లదని అది ఎక్కడైనా రాసుకుంటుందా?"

కల్యాణి చూపు కీబోర్డు మీదికి దించింది. "లేదు ఆంటీ. ముద్ర సరిగా ఉంటే చాలు, ఒప్పుకుంటుంది. నేను అలా రాశాను."

"అయితే చీటీకి ఎవరి దగ్గరైనా జెరాక్సు ఉంటే?"

గోడకు ఆనుకుని నిలబడ్డ రాంచందర్ మెల్లిగా బల్ల దగ్గరికి వచ్చాడు.

"చేసి చూపించు," అంది గంగారత్నం. "నీ పేరుతోనే."

కల్యాణి తన పేరుతో లాగిన్ అయింది. బ్రౌజర్లో ఇంకేదో పలక తెరిచింది. పొడుగాటి అక్షరాల తోక ఒకటి కనపడింది. దాన్ని కాపీ చేసి తన లాప్‌టాప్‌కు పంపుకుంది. తర్వాత కౌంటర్ కంప్యూటర్లో లాగౌట్ నొక్కింది. పేరూ పాస్‌వర్డూ అడిగే పేజీ వచ్చింది, రత్నమాల చెప్పినట్టే.

"ఇప్పుడు నీ లాప్‌టాప్‌లో పెట్టు."

ఆమె వేళ్ళు కీల మీద ఆగాయి. తర్వాత కదిలాయి. తెర మారింది. పైన మూలన 'కల్యాణి' అని పేరు, కింద ఆంబులెన్స్ కాల్స్ వరసగా, ప్రతి వరస చివర ఎర్రటి 'రద్దు' బటన్.

"లాగౌట్ అయిన మనిషి మళ్ళీ లోపలికి వచ్చింది," అంది గంగారత్నం. "పాస్‌వర్డు లేకుండా. రాంచందర్ గారూ, లాగ్‌లో కొత్త లాగిన్ పడిందా?"

అతను తన లాప్‌టాప్‌లో చూసుకుని తల అడ్డంగా ఊపాడు. "పడలే." అంతలోనే తేరుకున్నాడు. "అయితేంది? కాపీ చెయ్యొచ్చని తేలింది. ఎవరో చేసిన్రని తేలలే కద. ఫోన్ సంగతి అట్లనే ఉన్నది."

"ఉంది. అందుకే అడుగుతున్నాను. ఆ రద్దు నమోదైన వరసలో పేరూ సమయమూ తప్ప ఇంకేమీ లేవా? మీ కాగితంలో మూడే గళ్ళు ఉన్నాయి."

"అవసరమున్నయే ప్రింటు తీసిన."

"అవసరం లేనివి చదవండి."

రాంచందర్ విసుగ్గా వెళ్ళాడు ఆ వరసలోకి. "ఇది... చీటీల ఉన్న లాగిన్ సమయం. శనివారం పొద్దుగాల ఎనిమిది దాటినంక." అతని కనుబొమలు దగ్గరయ్యాయి.

"ఫోనులో ఎప్పుడు లాగిన్ అయిందన్నారు?"

"శుక్రవారం."

"అంటే రద్దు నొక్కింది ఫోను చీటీతో కాదు. శనివారం పొద్దున ఇదే కుర్చీలో, ఇదే కంప్యూటర్లో పుట్టిన చీటీ అది. దాని కాపీ. రత్నమాలా!"

గుమ్మంలో నిలబడ్డ నర్సు ఉలిక్కిపడింది.

"శనివారం నువ్వు కాకుండా ఈ కంప్యూటర్ ముందు ఇంకెవరు కూర్చున్నారు?"

"ఎవరూ లేరండి. కల్యాణి తప్ప. నాకు ఊరికే లాగౌట్ అయిపోతోందని, చేతికి గ్లవ్స్ వేసుకుని నిమిషానికోసారి పాస్‌వర్డు కొట్టలేకపోతున్నానని నేనే రమ్మన్నాను. పొద్దున్నే వొచ్చి చూసి, ఇంటికెళ్ళి బాగు చేస్తానంది పాపం. అన్నం కూడా తినకుండా."

కల్యాణి లాప్‌టాప్ తెర వంకే చూస్తోంది.

"ఇంకో గడి ఉన్నది," అన్నాడు రాంచందర్. ఇప్పుడతని గొంతులో విసురు లేదు. "ఏ మెషిన్ నుంచి నొక్కిన్రో. లినక్స్ అని ఉన్నది. ఈడ కంప్యూటర్లన్నీ విండోస్. ఇక్కడ లినక్స్ ఎవరు వాడ్తరు?"

బల్ల మీద పక్కపక్కనే రెండు లాప్‌టాప్‌లు ఉన్నాయి. ఒకటి అతనిది.

"రాంచందర్ గారూ," అంది గంగారత్నం, "మీ రిపోర్టు కాసేపు ఆపండి. రత్నమాలతో బయట కూర్చోండి."

"నాకు ఆర్డర్ ఏస్తున్నరా?"

"అడుగుతున్నాను."

అతను ఒకసారి కల్యాణి వంక చూసి, తన లాప్‌టాప్ తీసుకుని బయటికి నడిచాడు.

*

తలుపు మూసి గంగారత్నం కుర్చీ కోసం చూసింది. లేదు. బల్ల అంచు మీదే కూర్చుంది.

"ఆ ఆఖరి రెండు గళ్ళూ పెట్టింది ఎవరు?"

"నేనే."

"తీసేయడం?"

"రెండు నిమిషాల పని."

"నాలుగు రోజులున్నాయి నీకు. తియ్యలేదు. పైగా నన్ను పిలిచావు. మీ నాన్న నా గురించి చెప్పే ఉంటాడు, ఊరికే వదిలిపెట్టే మనిషిని కాదని."

కల్యాణి ముఖం చేతుల్లో దాచుకుంది. ఏడుపు రాలేదు.

"తియ్యబోయాను ఆంటీ. ఆదివారం రాత్రి కూర్చున్నాను, తీసేద్దామనే. చెయ్యి రాలేదు. పోనీ చెప్పేద్దామంటే నోరు రాలేదు. మీరు వస్తే మీరే పట్టుకుంటారు, చెప్పాల్సిన పని ఉండదు అనుకున్నాను."

"ఇప్పుడు చెప్పు."

"రత్నక్క స్క్రీన్ మీద వచ్చే తప్పు నా స్క్రీన్ మీద రావడం లేదు. ఆవిడ సెషన్ నా లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే తెలుస్తుందనుకున్నాను. కాపీ చేసుకున్నాను. ఇంటికెళ్ళి కూర్చున్నాను. నా దగ్గర ఈ యాప్‌కు నకలు ఒకటి ఉంది, పరీక్షలు చేసుకోవడానికి. అందులో నిజం కాల్స్ కాపీయే ఉంటుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ముద్ర వేసే రహస్యపు తాళం కూడా రెండిటికీ ఒకటే పెట్టాను. వేరువేరుగా పెట్టాలని నాకు తెలుసు ఆంటీ. తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. వేరుగా ఉండి ఉంటే ఆ చీటీ నకలులో చెల్లేది కాదు. నేను అక్కడే ఆగి చూసుకునేదాన్ని."

"అసలుదీ నకలూ పక్కపక్కన రెండు కిటికీల్లో తెరిచావు."

"అవును. బటన్ నొక్కాక కూడా లోపలే ఉంచుతుందా, బయటికి తోసేస్తుందా అని చూడాలి. మొదటి వరసలో రద్దు నొక్కాను. లోపలే ఉంచింది. సరిగ్గా పనిచేసింది. సంతోషపడ్డాను ఆంటీ. లేచి టీ పెట్టుకున్నాను."

గంగారత్నం కళ్ళజోడు తీసింది.

"మొదటి వరసలో పేరు మంగి. సాయంత్రం మా వీధిలో అనుకుంటుంటే ఆ పేరు విన్నాను. పరిగెత్తి లాప్‌టాప్ తెరిచి చూశాను. నకలులో రద్దు కాలేదు. అసలుదాంట్లో అయింది."

"ఠాణాకు వెళ్దాం పద."

"వెళ్దాం. గాని ముందు అతనికి చెప్పాలి." కల్యాణి లేచి నిలబడింది. "మంగి వాళ్ళాయన బయట ఉన్నాడు. మీరే రమ్మన్నారట కదా. నేను చెప్పకుండా ఇంకొకళ్ళు చెప్తే వినలేను."

శనివారం ఎంతసేపు ఎదురుచూశారో అడగడానికి గంగారత్నమే పొద్దున కబురు పెట్టింది అతనికి. తలుపు తీసి పిలిచింది. ఇర్మా వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. వెనకే రత్నమాల, రాంచందర్. ఇర్మా తల్లిది కోంటా దగ్గర భేజ్జి వైపు కావడంతో అతనికి గిరిజన భాష దోర్లీతో పాటు తెలుగూ వచ్చు. కూర్చోమంటే కూర్చోలేదు.

కల్యాణి అతని ఎదురుగా నిలబడింది. చేతులు జోడించబోయి, అది కూడా తగదనుకుందో ఏమో, దించేసింది.

"అన్నా, ఆంబులెన్స్ రద్దు చేసింది ఈ అక్క కాదు. నేను. తెలిసి చెయ్యలేదు. కానీ నొక్కింది నేనే."

రత్నమాల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కోపమో దుఃఖమో ఇర్మా ముఖంలో తెలియలేదు. ఏదో సరిపోనట్టు నుదురు ముడిచాడు.

"ఎప్పుడు నొక్కినవ్?"

"శనివారం. మధ్యాహ్నం రెండూ నలభైకి."

"నాకు గంటలు తెల్వయి," అన్నాడు ఇర్మా. "గుట్ట మీద నిలబడి చూసిన నేను. గాడీ వచ్చింది. వాగు కాడి దాక వచ్చింది. వచ్చిందిలే అని మంగికి ఉరికిపోయి చెప్పిన. మళ్ళొచ్చి చూస్తే తిప్పుకుంటున్నడు. అప్పటికి గని కాడ పేలుళ్ళ సైరన్ కొట్టలే. గాడీ పోయినంక చానా సేపటికి కొట్టింది."

రాంచందర్ గబుక్కున తలెత్తాడు. "ఆ సైరన్ రెండింటికి. ఈడికొచ్చిన సంది రోజూ ఇంటున్న."

"అంటే..." అంది కల్యాణి.

"అంటే నువ్వు నొక్కేసరికి గాడీ తిరిగిపోయి చాలాసేపయింది," అంది గంగారత్నం. "ఇర్మా, ఎందుకు తిప్పాడు? డ్రైవర్ ఏమైనా అన్నాడా?"

"డ్రైవర్ కేసా దిగి అరిచి చెప్పిండు. మేనేజర్ సాబ్ ఫోన్ చేసిండు, పెద్దోళ్ళ కారు పాడైంది, వాళ్ళను దంతెవాడల దింపాలె, ఎమ్మటే మళ్ళొస్త అన్నడు. నేను సరే అన్న. సరే అన్న నేను. రాయేసి ఆపాల్సింది. సరే అన్న."

కల్యాణి ముఖంలోకి ఒక్క క్షణం ప్రాణం వచ్చింది. గంగారత్నం ఆ క్షణాన్ని చూసింది. అది పోవడమూ చూసింది.

"మళ్ళీ వస్తానన్నాడు," అంది కల్యాణి. "దారిలో ఉండగా అతని ఫోనుకు నా రద్దు వెళ్ళింది. ఇక అక్కర్లేదనుకున్నాడు. అందుకే రాలేదు. మేనేజర్ గారు తిప్పారు, నేను రాకుండా చేశాను."



*

"అంత మాట అనుకోకమ్మా కల్యాణీ."

పక్కగది తలుపు తెరుచుకుని ఉంది. మేనేజర్ జయరావు అక్కడ నిలబడ్డాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరికీ తెలియదు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, కళ్ళ కింద నల్లటి చారలు.

"గంటన్నర పని అనుకున్నాను," అన్నాడు ఇర్మా వంక చూడకుండా. "విశాఖ నుంచి వచ్చిన ట్రస్టు పెద్దలు. కారు పాడైంది, ఎండలో నిలబడిపోయారు. కాన్పు కదా, ఇంకా టైముంటుందనుకున్నాను. అప్పటినుంచి నేను నిద్రపోతున్నానని ఎవరూ అనుకోవద్దు." కల్యాణి వైపు తిరిగాడు. "జరిగింది జరిగిపోయింది. నీకు ముందుంది జీవితమంతా. ఆ లినక్స్ సంగతి రిపోర్టులో లేదు. లాప్‌టాప్ తీసుకుని ఇంటికి వెళ్ళు. అందులో ఉన్నది తీసేసెయ్. రాంచందర్ గారు సర్వర్ తుడిచి కొత్తగా పెట్టేస్తారు. నీ పేరు ఎక్కడా రానివ్వను."

"రత్నక్క?"

"ట్రస్టు తరఫున మంచి వకీలుని పెడతాం. రుజువు కాదు. ఆర్నెల్లు, మహా అయితే ఏడాది."

రత్నమాల ఆయన్ను తెల్లబోయి చూసింది. పన్నెండేళ్ళుగా ఆయన కిందే పనిచేస్తోంది.

"వెళ్ళమ్మా," అన్నాడు జయరావు మెత్తగా. "ఈ పాపం నీ ఒక్కదానిది కాదు. మోయడానికి నేనూ ఉన్నాను."

కల్యాణి బల్ల దగ్గరికి వెళ్ళి లాప్‌టాప్ మూసింది. రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది. గంగారత్నం కదలలేదు. ఆపాలంటే ఆపగలదు. ఆపకూడదనుకుంది.

కల్యాణి తలుపు వైపు నడవలేదు. రాంచందర్ ఎదుటికి వెళ్ళి లాప్‌టాప్ అతని చేతుల్లో పెట్టింది.

"రత్నక్క సెషన్ ఇందులో ఇంకా అలాగే ఉంది. నేను ఎన్నింటికి నొక్కానో కూడా ఉంది. దీంతో నా తప్పు తేలుతుంది. నాకంటే ముందే గాడీ ఎలా తిరిగిందో చెప్పాల్సిన వంతు మేనేజర్ గారికి వస్తుంది. మీ రిపోర్టులో రెండూ రాయండి."

రాంచందర్ లాప్‌టాప్ వంక, తన చేతిలోని ప్రింటు కాగితం వంక చూశాడు. కాగితాన్ని ఉండ చుట్టి బల్ల కింద బుట్టలో పడేశాడు.

"సార్, సర్వర్ తుడువను," అన్నాడు జయరావుతో. "పొద్దుగాల మీరు వైరస్ ఉన్నదంటే నమ్మిన. తుడిచేటోన్నే. ఈ మేడం ముందట లాగ్ చూపెట్టి నెగ్గాలన్న పంతానికి ఆలస్యం చేసిన, అంతే." గంగారత్నం వైపు తిరిగాడు గాని కళ్ళెత్తలేదు. "ఆమెను జైలుకు పంపుతుంటి మేడం. మూడు గళ్ళు చూసి."

"కొత్త రిపోర్టు రాయండి. అది చాలు," అంది గంగారత్నం. తర్వాత జయరావు ఎదురుగా వెళ్ళి నిలబడింది. "మీరు ఫోను చేశారని చెప్పాల్సింది డ్రైవర్ కేసా. ఎక్కడున్నాడు?"

"సెలవు పెట్టి ఊరెళ్ళాడు. మనసు బాగాలేదన్నాడు."

"ఎప్పుడు?"

"సోమవారం. నేనే పంపించాను. వారం పోయాక వస్తాడు." జయరావు జవాబులు తొందరగా వస్తున్నాయి. ఇంతసేపూ మాట్లాడిన పశ్చాత్తాపపు గొంతు కాదది.

"ఏ ఊరు?" అన్నాడు ఇర్మా.

అందరూ అతని వైపు తిరిగారు.

"కేసాది మా ఊరే," అన్నాడు ఇర్మా. "మంగిని మట్టి చేసిన నాడు వచ్చి నా కాళ్ళ మీద పడి ఏడ్చిండు. ఠాణాకు పోయి అంతా చెప్త అన్నడు. ముందుగాల మేనేజర్ సాబ్‌కు ఒక మాట చెప్పి పోత, అన్నం పెట్టిన మనిషి కద అన్నడు. సోమవారం పొద్దుగాల ఇటే వచ్చిండు. ఇంటికి చేరలే. వాళ్ళమ్మ మూడు దినాల సంది బాట కాడనే కూసోనున్నది."

జయరావు కుడిచెయ్యి నెమ్మదిగా జేబులోని ఫోను మీదకు జారింది.

"దాన్ని బల్ల మీద పెట్టండి," అంది గంగారత్నం. "శనివారం కేసాకు చేసిన ఫోనూ, సోమవారం చేసినవీ అందులో ఉంటాయి."